పులిసిన ఫిల్ముల పెట్టె

పోయిన నెల సార్ పోయారు. తొంభై దాటాయి, మంచాన పడకుండా వెళ్లిపోయారు, అదొక్కటే ఊరట. కార్యక్రమాలన్నీ అయిపోయాక వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న ట్రంకు పెట్టె ఒకటుంది. మూత మీద మీ పేరు రాసిపెట్టారు. అన్నీ పాత ఎక్స్‌రేలే అనుకుంటా. పంపించనా, పాతసామాన్ల వాడికి ఇచ్చేయనా?"

పంపించమన్నాను. ఆటో అతనూ మా వాచ్‌మనూ చెరో పక్క పట్టుకుని హాల్లోకి తెచ్చి దించారు. "ఇనుమా మేడమ్ లోపల?" అన్నాడు ఆటో అతను నడుం పట్టుకుని.

మూత తీయగానే ముక్కు పగిలే పులుపు వాసన. రోడ్డు పక్క నూడుల్స్ బండి దగ్గర వెనిగర్ సీసా ఒలికినట్టు. మా ఆయన పక్క గదిలోంచి "ఏం పారబోశావ్?" అని కేకేశారు. నేను జవాబివ్వలేదు. అప్పటికే నలభై ఏళ్లు వెనక్కి, ఒక నల్ల కర్టెన్ అవతలికి వెళ్లిపోయాను.

ఆ వాసనకి కారణం తెలుసు. వెనకటి ఎక్స్‌రే ఫిల్ముల్ని అసిటేట్ అనే ప్లాస్టిక్ పొర మీద తయారుచేసేవారు. ఏళ్లు గడిచేకొద్దీ, అందులోనూ ఎండకీ తేమకీ, ఆ పొర పాడై అసిటిక్ ఆమ్లం వదులుతుంది. వెనిగర్‌లో ఉండేది అదే. ఫిల్ములు కడిగే మా డార్క్‌రూమ్‌లో, బొమ్మని చెరగకుండా నిలిపే ఫిక్సర్ మందు తొట్టిలో ఉండేదీ అదే. అంటే ఆ ఫిల్ములు పుట్టినప్పుడు ఏ వాసన వేశాయో, చచ్చేటప్పుడూ అదే వేస్తున్నాయి.

* * *

హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో నేను రేడియాలజీ పీజీగా చేరాను. డిపార్ట్‌మెంటుకి ప్రొఫెసర్ సార్. కానీ డార్క్‌రూమ్‌కి రాజు మాత్రం భాయ్. ఆయన అసలు పేరు జీతాల రిజిస్టర్‌లో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

లోపల ఒక ఎర్రబల్బు, అదీ కళ్లు అలవాటుపడితేనే కనిపించేంత. ఫిల్ము ఉండే క్యాసెట్ పెట్టె టక్కున తెరుచుకునే చప్పుడు, ఫిల్ముని స్టీలు హ్యాంగర్‌కి బిగించే చప్పుడు, తర్వాత బొమ్మని తేల్చే డెవలపర్ మందులోకి బుడుంగుమని దిగే చప్పుడు. భాయ్ గడియారం చూసేవాడు కాదు. ఏదో పాత గజల్ లోపల్లోపల కూనిరాగం తీసేవాడు. ఫలానా చరణం అయిపోతే ఫిల్ము పైకి తీయాలి. ఒకసారి పరీక్షిద్దామని నా చేతి గడియారం పెట్టి చూశాను. ఐదు నిమిషాలకి పది సెకన్లు అటూ ఇటూ.

డెవలపర్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెల హైదరాబాద్‌లో ఇరవై డిగ్రీలు ఎక్కడినుంచి వస్తాయి? స్టీలు క్యాన్‌లో ఐసుగడ్డలు నింపి తొట్టిలోకి దించేవాడు. నేరుగా వేస్తే మందు పలచబడుతుందని నాకు రెండు మూడుసార్లు చెప్పాడు, నేనెక్కడ వేసేస్తానో అని. ఎండాకాలంలో డిపార్ట్‌మెంట్‌కి ఐసు బండి రావడం చూసి బయట రోగుల బంధువులు "లోపల షర్బత్ చేస్తున్నరా?" అని నవ్వేవాళ్లు.

క్యాజువాలిటీ వాళ్లకి ఆగే ఓపిక ఉండదు. "భాయ్, వెట్!" అని తలుపు బాదేవాళ్లు. తడి ఫిల్ముని హ్యాంగర్‌తో సహా ఎత్తి వెలుతురుకి పట్టుకుంటే మందునీళ్లు మోచేతుల దాకా కారేవి. నా తెల్లకోటు చేతులకి ఎప్పుడూ గోధుమరంగు మరకలే. మా అమ్మ వాటిని నిమ్మకాయతో రుద్దీ రుద్దీ చివరికి "ఇదేం డాక్టరమ్మా, రంగులద్దకం వాళ్లలో చేరావా?" అంది.

ఆరబెట్టడానికి తీగలు, క్లిప్పులు. వానాకాలంలో ఎంతకీ ఆరేవి కావు, ఒకదానికొకటి అతుక్కుపోయేవి. గుండెలు, పుర్రెలు, విరిగిన కాళ్లు అన్నీ ఫ్యాన్ కింద ఊగుతుండేవి.

1980లో మన వైపు సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు భాయ్‌కి వచ్చిన డిమాండ్ మంత్రిగారికి కూడా వచ్చి ఉండదు. నల్లగా మాడిన ఫిల్ము ముక్క కోసం ఆసుపత్రి గుమాస్తాల దగ్గర్నుంచి ఎదురు కొట్టువాళ్ల దాకా క్యూ. అలా చూడటం కళ్లకు మంచిది కాదని ఇప్పుడైతే గట్టిగా చెప్తాం. అప్పుడు మాకూ తెలియదు, సగం మందిమి అలాగే చూశాం.

* * *

సార్‌ది కనిగిరి పక్క ఊరు. అప్పటి నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశంలో కలిసింది. మద్రాసులో బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివారు. మనిషి సన్నగా ఉండేవారు. నవ్వితే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవారు. అది సిగ్గో అలవాటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

పొద్దున్నే బేరియం తాగించి కడుపు, పేగులు చూసే కేసులుండేవి. రోగుల భాషలో సున్నపు నీళ్లు. మా దగ్గర అప్పటికింకా పాతరకం ఫ్లోరోస్కోపీ తెర, అంటే ఎక్స్‌రేని అప్పటికప్పుడు కదులుతుండగా చూపించేది. చీకట్లో మసక పచ్చగా వెలిగేది. దాన్ని చూడాలంటే కళ్లు కనీసం పావుగంట చీకటికి అలవాటుపడాలి. అంతసేపు గదిలో కూర్చుంటే పని సాగదు కదా, అందుకని ఎర్ర గాజుల గాగుల్స్ పెట్టుకుని తిరగడం. చీకట్లో చూసే కణాలకి ఎర్రవెలుగు ఆనదు. కాబట్టి కళ్లు అలవాటు తప్పవు. సార్ ఆ గాగుల్స్‌తోనే వరండాలో నడిచేవారు, టీ తాగేవారు, సంతకాలు పెట్టేవారు. కొత్త రోగులు ఆయన్ని కళ్లకలక మనిషి అనుకుని దూరం జరిగేవాళ్లు.

ఫిల్ము చదివేటప్పుడు ఆయన పద్ధతి వేరు. ఏం జబ్బని అనుమానమో రాసి డాక్టర్లు పంపే రిక్విజిషన్ కాగితం బోర్లా పెట్టేసేవారు. ముందు నాలుగు మూలలు, ఆ తర్వాతే మధ్యలోకి. మాకు విసుగొచ్చేది. గుండె ఇంత పెద్దదై ఎదురుగా కనిపిస్తుంటే ఈయన చంక కింద ఏం వెతుకుతున్నాడో అని.

ఒక ఆర్టీసీ డ్రైవర్ భుజం నొప్పితో వచ్చాడు. ఆర్నెల్లుగా కాపడాలు, ఇంజెక్షన్లు, కీలు పట్టేసిందని వ్యాయామాలు. భుజం ఫిల్ము తీస్తే కీలు శుభ్రంగా ఉంది. నార్మల్ అని రాసి ఇవ్వబోయాను. సార్ వేలు ఫిల్ము పై మూలకి వెళ్లింది. భుజం ఫిల్ములో ఆ మూల ఊపిరితిత్తి కొస రవ్వంత పడుతుంది, ఎవరూ పట్టించుకోరు. అక్కడ నల్లగా ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు, దాని పక్కనే రెండో పక్కటెముక కొంత తినేసి ఉంది. ఊపిరితిత్తి కొసన పుట్టి చేతికి వెళ్లే నరాల్ని నొక్కే క్యాన్సర్. నొప్పి భుజంలో, రోగం ఛాతీలో. భుజం చూడమన్నారు కదా అని నేను భుజమే చూశాను.

ఇంకోటి కూడా ఉండేది ఆయనకి. ఒక తప్పు దొరికితే మేం సంబరపడి ఆగిపోయేవాళ్లం కదా, "రెండోది ఏదమ్మా?" అనేవారు. చాలాసార్లు రెండోది ఉండేది కాదు. అయినా వెతికించేవారు.

* * *

పెట్టెలో మూడో కవరు చూడగానే చెయ్యి ఆగింది. మీద సార్ చేతిరాత, "మర్రిగూడ". అంతే.

ఆ మనిషికి అరవై కూడా లేవు, ఎనభై ఏళ్లవాడిలా కర్ర పట్టుకుని వచ్చాడు. నడుం ముందుకి వంగిపోయింది. పిలిస్తే మెడ తిప్పడు, ఒళ్లంతా తిప్పి చూస్తాడు. సర్జరీ వార్డు నుంచి వచ్చిన కాగితంలో నడుంనొప్పి, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం ఇబ్బంది, ప్రోస్టేట్ అనుమానం అని ఉంది.

ఫిల్ము చూశాను. వెన్నెముక, కటి ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. మామూలుగా ఎముక లోపల కనిపించే సన్నటి అల్లిక ఏదీ లేదు, అంతా ఒకటే తెలుపు. ముసలాయన, మూత్రం ఇబ్బంది, తెల్లబడ్డ ఎముకలు. పుస్తకంలో ఇంతకన్నా స్పష్టంగా ఏం రాస్తారు? ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని రాసి, గర్వంగా సంతకం కోసం సార్ ముందు పెట్టాను.

ఆ రిపోర్టు అలాగే వార్డుకి వెళ్లి ఉంటే ఏమయ్యేదో చెప్పాలి. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఆ రోజుల్లో వైద్యం వృషణాలు తీసేయడం.

సార్ ఎప్పటిలాగే మూలల్లోంచి మొదలుపెట్టారు. కటి ఎముకల కింద రెండు పక్కలా సన్నగా తెల్లటి ముళ్లలాంటివి ఉన్నాయి. "ఏందమ్మాయ్ ఇవి?" అన్నారు. ఏదో నీడ పడిందన్నాను. ఆయన కుర్చీలోంచి లేచారు. గాగుల్స్ తీసి జేబులో పెట్టుకుని వరండాలోకి వెళ్లి, బెంచీ మీద కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడ్డ ఆ మనిషి ముందుకెళ్లి నిలుచున్నారు.

"పెద్దాయనా, ఏ ఊరు?"

"మర్రిగూడ దిక్కు సారు."

"నోరు తెరువు."

ఉన్న నాలుగైదు పళ్ల మీదా అడ్డంగా గోధుమరంగు చారలు.

"నీళ్లు యాడియి తాగుతారు?"

"చేన్ల బాయియే సారు. గీ మధ్యన బోరింగేసిన్రు."

"మీ ఊళ్లో ఇట్లా నడుం వంగినోళ్లు ఎంతమంది ఉంటారు?"

ఆ పెద్దాయన నవ్వాడు. "ఒంగనోడెవడు సారు?"

సార్ వెనక్కి తిరిగి భాయ్‌ని పిలిచి, ముంజేయి ఫిల్ము ఒకటి తీయమన్నారు. నడుంనొప్పికి వచ్చినవాడికి ముంజేయి ఎందుకని భాయ్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

అది తడిగానే చూశాం. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పలచటి పొర ఒకటుంటుంది, ఎక్స్‌రేలో కనిపించకూడదు. ఇతనికి కనిపిస్తోంది. ఎముకల అంచుల నుంచి ఆ పొర వెంబడే సున్నం పేరుకుని, రంపప్పళ్లలా గరుకుగా పొడుచుకొచ్చింది. కటి కింద నేను నీడ అనుకున్న ముళ్లూ ఇలాంటివే, కండబంధాల్లో పేరుకున్న సున్నం. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకని తెల్లబరుస్తుంది గానీ ఈ పొరల జోలికి రాదు. ఇది ఫ్లోరోసిస్. ఏళ్ల తరబడి తాగిన నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలో చేరి దాన్ని మందం చేస్తుంది. వెన్నుపూసల లోపల దారి ఇరుకైపోయి వెన్నుపాము నలుగుతుంది, కాళ్లు చచ్చుబడతాయి, మూత్రం బిగుస్తుంది. క్యాన్సర్ అనుకోవడానికి నేను వాడుకున్న ప్రతి లక్షణానికీ జవాబు బావిలోనే ఉంది. తర్వాత, ప్రోస్టేట్ క్యాన్సర్ పాకితే పెరిగే ఆసిడ్ ఫాస్ఫటేజ్ రక్తపరీక్ష కూడా మామూలుగానే వచ్చింది.

సార్ తిట్టలేదు. నా రిపోర్టు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "టీ తాగొద్దాం పదమ్మా" అన్నారు.

క్యాంటీన్‌లో చెప్పారు. మన దేశంలో ఈ జబ్బుని మొదట వైద్యపత్రికకి ఎక్కించింది వాళ్ల వైపు పల్లెల్లోనే. పొదిలి, దర్శి, కనిగిరి. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, నాయర్‌తో పాటు ఆ వ్యాసం రాసిన నలుగురిలో ఒకరు రేడియాలజిస్టు బర్నార్డ్. సార్ చదువుకున్న ఇన్‌స్టిట్యూట్ ఆయన పేరుదే. 1955లో మర్రిగూడ ఉండే నల్లగొండ జిల్లా గురించి సిద్దిఖీ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. "మా మేనత్త చచ్చేదాకా ఆకాశం చూళ్లేదు, మెడ లేవక," అని చెప్తూ ఆయన నోటికి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయారు. అప్పుడు చూశాను, ముందు పళ్ల మీద అవే చారలు. అన్నాళ్లూ నేను అవి సిగరెట్ గార అనుకున్నాను.

మర్రిగూడ పెద్దాయనకి మందేమీ లేదు. కాళ్లకి వ్యాయామం, నొప్పికి మాత్రలు, నీళ్లు మార్చమని సలహా. ఆ సలహా చెప్పే పని నాకే పడింది. ఆయన శ్రద్ధగా అంతా విని, "మంచి నీళ్లు యాడ దొరుకుతయి బిడ్డా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, నాకు తెలుసేమో అని. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడు దాటకూడదని నాకు తెలుసు గానీ, అంతకన్నా తక్కువున్న బావి వాళ్ల ఊళ్లో ఎక్కడుందో తెలియదు. పటిక, సున్నం కలిపి బిందెలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టి ప్రపంచమంతా చదివారు. ఆ ఊళ్లకి కృష్ణా నీళ్లు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కవర్లో రెండు ఫిల్ములున్నాయి, కటి ఒకటి, ముంజేయి ఒకటి. వాటి మధ్య నాలుగు మడతల నా రిపోర్టు. నా అక్షరాలు అప్పట్లో ఇంత గుండ్రంగా ఉండేవా అనిపించింది.

* * *

అన్నీ ఇలాంటివే కావు. కోదాడ వైపు నుంచి వచ్చిన ఒక స్కూలు మాస్టారిది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దేనికో ఛాతీ ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో రూపాయి బిళ్లంత మచ్చ. క్యాన్సరా, పాత టీబీ గుర్తా? కోసి చూడాలన్నారు సర్జన్లు. "పాత ఫిల్ము ఉందా?" అని సార్ ఒకటే పట్టు. ఏడెనిమిదేళ్ల కింద ఒకటి తీశారని మాస్టారికి గుర్తు. ఇల్లంతా వెతికి, దొరకలేదని ఉత్తరం రాశాడు. తర్వాతి వారం ఆయన భార్య ఆ ఫిల్ము పట్టుకుని దిగింది. అద్దం పగిలిన వంటింటి కిటికీకి మేకులతో కొట్టి ఉందట! పొగచూరి, నూనె జిడ్డు పట్టి, నాలుగు మూలలా మేకుల చిల్లులు. భాయ్ దాన్ని బిడ్డకి స్నానం చేయించినట్టు సబ్బునీళ్లతో కడిగాడు. మచ్చ అప్పుడూ ఉంది, స్కేలు పెట్టి కొలిస్తే అదే సైజు. ఏడేళ్లలో గీత కూడా పెరగని మచ్చని కోయక్కర్లేదు. మాస్టారు బతికిపోయాడు గానీ భార్య మాత్రం "ఇప్పుడా కిటికీకి ఏం కొట్టాలి?" అని సార్‌నే అడిగింది. సార్ ఒక పాత ఫిల్ము తీసి ఇచ్చారు.

* * *

మెదడు సంగతి అప్పట్లో మరీ చీకటి. పుర్రె ఫిల్ములో మెదడు కనిపించదు. నడిమధ్యలో పీనియల్ గ్రంథి ఉంటుంది. పెద్దవాళ్లలో కొందరికి అందులో సున్నం చేరి చిన్న తెల్లచుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్క నడిగీత మీద ఉందా లేదా అని సార్ స్కేలుతో కొలిచేవారు. మూడు మిల్లీమీటర్లకి మించి పక్కకి జరిగితే రెండో వైపు నుంచి ఏదో తోస్తోందన్నమాట. గడ్డో, రక్తమో. ఇంతే ఆధారం. ఇంకా తెలియాలంటే వెన్నులోంచి గాలి ఎక్కించి ఫిల్ములు తీయాలి. ఆ తలనొప్పికి రోగులు రెండు రోజులు వాంతులతో అల్లాడేవాళ్లు.

నేను పీజీలో చేరిన 1979లోనే, ఒంటిని అడ్డకోతలుగా చూపించే సీటీ స్కాన్ కనిపెట్టినందుకు హౌన్స్‌ఫీల్డ్‌కీ కోర్మాక్‌కీ వైద్యంలో నోబెల్ వచ్చింది. ఒకాయన ఇంజనీరు, ఇంకొకాయన ఫిజిక్సు మనిషి. "ఇద్దర్లో ఒక్కడూ డాక్టరు కాదు, చూశారా" అని సార్ వారం రోజులు అందరికీ చెప్పుకుని మురిశారు. ఆ యంత్రం మా దాకా రావడానికి ఏళ్లు పట్టింది. మొదటిసారి తెర మీద మెదడు అడ్డకోత కనిపించినప్పుడు ఆయన జేబులోంచి స్కేలు తీసి టేబుల్ మీద పెట్టేశారు. "ఇంక దీంతో పన్లేదు" అన్నారు. బాధగా అనలేదు, హాయిగానే అన్నారు.

అయితే యంత్రం కొత్త చిక్కులు తెచ్చింది. ఫిట్స్‌తో వచ్చిన పిల్లల మెదడులో చిన్న ఉంగరం కనిపించేది. టీబీ గడ్డా, పంది మాంసం ద్వారా మనుషుల పేగుల్లో చేరే టేప్‌వర్మ్ అనే పురుగు గుడ్డు నుంచి పుట్టిన తిత్తా? రెండూ ఉంగరాలే. మొదట్లో అందరికీ టీబీ మందులే రాసేవాళ్లు. చాలావాటికి కారణం పురుగేనని తేల్చింది వేలూరు డాక్టర్లు. ఇరవై మిల్లీమీటర్ల లోపుంటే, చుట్టూ మెదడు వాపు పెద్దగా లేకపోతే, తొందరపడొద్దన్నారు. ఇది తల్లులకి చెప్పడం ఇంకో కష్టం. "మేం పంది మాంసం ముట్టం డాక్టరమ్మా!" అనేవాళ్లు. పురుగు గుడ్లు రావడానికి మాంసం తినక్కర్లేదు, కడగని చేతులూ కడగని కూరలూ చాలు అని చెప్తే ఇంకా కోపం వచ్చేది.

* * *

ఇప్పుడు నేను ఇంట్లోనే కూర్చుని చదువుతాను. రెండు మానిటర్లు, రోజుకి ఇన్ని కేసులని లెక్క. ఒక్కో సీటీకి వందల కోతలు, మౌస్ చక్రం తిప్పుతుంటే మనిషి తలనుంచి తొడలదాకా దొర్లిపోతాడు. అనుమానం ఉన్నచోట కంప్యూటరే పెట్టె గీసి చూపిస్తుంది, నిజం చెప్పాలంటే నేను జారవిడిచినవి రెండు మూడు పట్టుకుంది కూడా. వాసన లేదు, చేతులు తడవవు. రోగి పేరు పక్కన వయసు ఉంటుంది, ఆడో మగో ఉంటుంది. ఊరు ఉండదు.

పులిసిన ఫిల్ముల్ని మంచివాటితో కలిపి ఉంచకూడదు, ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. నిన్న పొద్దున పెట్టె ఖాళీ చేసి బాల్కనీలో బట్టల తీగకి అన్నిటినీ క్లిప్పులు పెట్టి వేలాడదీశాను. క్లిప్పులు చాలక చీరల హ్యాంగర్లు కూడా వాడాను. ఎదురు ఫ్లాట్ వాళ్లు ఏమనుకున్నారో తెలియదు.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి బకెట్ కింద పెట్టి ఫిల్ముల మధ్య నిలబడి చూసింది. ముంజేయి ఫిల్ము దగ్గర ఆగింది.

"ఎవరి చెయ్యమ్మా ఇది? గట్ల ముండ్లు మొలిసినయేంది?"

చెప్పాను. నీళ్ల గురించి, నడుం గురించి, మెడ తిప్పలేకపోవడం గురించి.

"మా అత్త గూడ గంతే అమ్మా. పిలిస్తే ఒళ్లంత తిప్పి సూస్తది. వాతమని తైలం రాస్తున్నం."

తొమ్మిదేళ్లుగా వస్తోంది మా ఇంటికి. చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది.

"మీ అత్తది ఏ ఊరు?" అని అడిగాను.